రస్కు ప్యాకెట్లో గోల్‌కీపర్

ఆటగాళ్ళ బొమ్మలు అచ్చేసిన అట్టముక్కల కోసం దేశం ఈ కొస నుంచి ఆ కొసకి రైలెక్కి పోతారా ఎవరైనా అని మా అమ్మ హనుమకొండ నుంచి ఫోన్లో అడిగింది. పోతారమ్మా, నీ బిడ్డే పోతోంది అన్నాను. "అయితె మంచిగ బేరం చెయ్యి. మొగమాట పడకు" అంది. ఆ సలహా ఎంత పని చేసిందో ముందుముందు మీకే తెలుస్తుంది.

నా పేరు స్రవంతి. ఇంగోల్‌స్టాట్‌లో కార్ల సాఫ్ట్‌వేర్ పరీక్షించే ఉద్యోగం. చదువుకోవడానికి వచ్చిన కొత్తలో, జర్మన్ చదవడం అలవాటవుతుందని సూపర్‌మార్కెట్ కౌంటర్ దగ్గర ఫుట్‌బాల్ కార్డుల ప్యాకెట్ ఒకటి కొన్నాను. భాష రాలేదు గానీ పిచ్చి పట్టుకుంది. అందరూ గోల్ కొట్టినవాళ్ళని దాచుకుంటారు, నేను ఆపినవాళ్ళని దాస్తాను. అందులోనూ ఆడపిల్లలనే. ఇప్పుడు మా ఇంట్లో బియ్యం డబ్బాల కంటే గోల్‌కీపర్ల డబ్బాలే ఎక్కువ.

కార్డుల సంతకి అంతకుముందు ఒకసారి మ్యూనిక్ వెళ్ళాను. ఏం కావాలో అనుకోకుండా జాతరకి పోయినట్టు పోయాను. అక్కడ మెరిసేదల్లా కొన్నాను. సాయంత్రం ఇంటికొచ్చి సంచి బోర్లిస్తే నాకు పేరు కూడా తెలియని సైకిల్ పోటీదారులు, మంచు మీద జారేవాళ్ళు, ఒక గుర్రం. గుర్రం కార్డు ఎందుకు కొన్నానో ఇప్పటికీ తెలీదు. అందుకే ఈసారి ఎస్సెన్‌లో పెద్ద సంత అనగానే ముందు కూర్చుని లక్ష్యాలు పెట్టుకున్నాను. నాకు దొరకని ఇద్దరు గోల్‌కీపర్లు దొరకాలి. వాళ్ళు తప్ప ఇంకేదీ సంచిలో పడకూడదు. కనీసం ముగ్గురు ముక్కూమొహం తెలియనివాళ్ళతో జర్మన్‌లో మాట్లాడాలి.

నాతో వచ్చిన రావుగారికి ఉన్నది ఒకే ఒక్క లక్ష్యం.

ఇంగోల్‌స్టాట్ స్టేషన్, శుక్రవారం

రావుగారు తెనాలి మనిషి. ఎముకల డాక్టరు. యాభై ఏళ్ళ పైమాటే ఆయన ఈ దేశం వచ్చి. రిటైరై భార్య రెనాటెతో మా ఊరి చివర ఉంటారు. ఉగాది భోజనాల దగ్గర నా గోల్‌కీపర్ల పిచ్చి గురించి ఎవరో వెటకారం చేస్తుంటే, ఆయన పచ్చడి గిన్నె పక్కన పెట్టి "ఆ మాటకొస్తే నేనూ ఒక కార్డునేనమ్మాయ్" అన్నారు. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు, వెళ్ళి పక్కన కూర్చున్నాను.

వచ్చిన కొత్తలో ఆయన రైన్ నది ఒడ్డున ఒక చిన్న ఊరి ఆస్పత్రిలో పనిచేశారు. ఆ ఊరి హాకీ క్లబ్బుకి గోల్‌కీపర్ కరువైతే, తెనాలిలో కాలేజీ రోజుల్లో ఆడినవాడిని కదా అని ఈయన నిలబడ్డారు. ఆ ఊళ్ళో ఒక రస్కుల కంపెనీ ఉండేది. వాళ్ళు ఊరి ఆటగాళ్ళ బొమ్మలు వేసి రస్కు ప్యాకెట్లలో పెట్టి అమ్మారు. అందులో ఈయనొకరు. తనకిచ్చిన కార్డులన్నీ కట్లు కట్టించుకోవడానికొచ్చిన పిల్లలకి పంచేశారు. ఒక్కటీ మిగల్లేదు.

ఉదయం ప్లాట్‌ఫామ్ మీద ఆయన బూడిదరంగు కోటు, మెడలో మఫ్లరు, చేతిలో రెనాటె కట్టిచ్చిన బ్రెడ్డు పొట్లంతో నిలబడి ఉన్నారు. నా లక్ష్యాలు చెబితే శ్రద్ధగా విన్నారు.

"బానే ఉందమ్మా. కానీ నేను గోల్స్ ఆపినవాణ్ని గానీ పెట్టుకున్నవాణ్ని కాదు" అన్నారు.

"అట్లగాదంకుల్. ఏమన్న ఒకటి అనుకోవాలె. లేకుంటె గుర్రం కొంటరు నా తీర్గ."

రైలొచ్చింది. ఎక్కి కూర్చున్నాక మఫ్లరు విప్పుతూ చెప్పారు.

"ఆ కార్డు దొరికితే వెనక్కి తిప్పి చదవాలమ్మాయ్. నా ఫొటో వెనకాల 'ఉన్సర్ టోర్‌వార్ట్' అని ఉండేది. మా గోల్‌కీపర్ అని. యాభై ఏళ్ళు ఇక్కడివాళ్ళ ఎముకలు అతికించాను. ఇప్పటికీ బస్సులో పక్కాయన మీదేవూరు, మళ్ళీ ఎప్పుడెళతారు అని ఎంతో మర్యాదగా అడుగుతాడు. అడిగినప్పుడల్లా ఆ కార్డు తలుచుకుని ఊరుకునేవాణ్ని. ఒకప్పుడు ఓ ఊరు అచ్చేసి మరీ మావాడు అంది కదా అని. రెనాటె ఏమో నీకు జ్ఞాపకం తక్కువ, కల్పన ఎక్కువ అంటుంది. ఈమధ్య నాకే అనుమానంగా ఉంది. నిజంగా ఉందా, నేనే అనేసుకున్నానా?"

సర్వపిండి పొట్లం విప్పి ఆయన చేతిలో పెట్టాను.

మాట్లాడకూడని పెట్టె

న్యూరెంబర్గ్‌లో మారిన రైల్లో మేం తెలియక ఎక్కింది నిశ్శబ్దం పాటించే పెట్టె. కిటికీ మీద పెదవులపై వేలు పెట్టుకున్న బొమ్మ ఉంది. అది మేం చూడలేదు. రావుగారు తెనాలి కాలేజీ గ్రౌండులో పెనాల్టీ ఎలా ఆపారో చేతులతో సహా చూపిస్తున్నారు. నేను సర్వపిండి కొరుకుతున్నాను. మా హనుమకొండ సర్వపిండి కొరికితే నాలుగిళ్ళకి వినపడుతుంది.

ఎదుటి సీటావిడ పుస్తకంలోంచి తలెత్తి మమ్మల్ని చూసి, బొమ్మని చూసి, మళ్ళీ మమ్మల్ని చూసింది. ఒక్క మాట అనలేదు. మన దగ్గరైతే "కొంచెం మెల్లగా" అని మొదలుపెట్టి, మీదేవూరు, పిల్లలెంతమంది దాకా వచ్చేది. సిగ్గుతో నమలడం ఆపేశాను. నోట్లో ఉన్నది మింగలేను, నమలలేను. చివరికి రావుగారు ఒక ముక్క కాగితంలో పెట్టి ఆవిడకి అందించారు. ఆవిడ ఆశ్చర్యంగా తీసుకుంది. కొరికింది. టక్కుమన్న చప్పుడికి ముగ్గురం నోళ్ళు మూసుకుని నవ్వాం. దిగేటప్పుడు అది దేంతో చేస్తారని గుసగుసగా అడిగింది. బియ్యప్పిండి, పల్లీలు, నువ్వులు అని నేనూ గుసగుసగానే చెప్పాను. మూడో లక్ష్యంలో ఒకరు పూర్తయ్యారని లెక్కేసుకున్నాను.

ఎస్సెన్, సాయంత్రం

ఎస్సెన్ ఒకప్పటి బొగ్గుగనుల ప్రాంతం. ఇప్పుడు గనుల్లేవు గానీ మనుషుల మాటలో ఆ గరుకుదనం ఉంది. మా ఇంగోల్‌స్టాట్ ఉన్న బవేరియాలో పలకరింపులోనే దేవుడి పేరుంటుంది, ఇక్కడ సూటిగా "ఏంటి సంగతి?" అంటారు. నాకు ఇదే నచ్చింది. మా వరంగల్ లెక్కనే ఉంది.

రాత్రి భోజనానికి సంత హాలుకి దగ్గర్లోని చిన్న హోటల్లో కూర్చున్నాం. నేను ఉల్లిపాయలతో వేయించిన ఆలుగడ్డలు, ఆయన ఆవాల సాసులో గుడ్లు. తిన్నాక వెయిటర్ వచ్చి "కలిపా, విడివిడిగానా?" అని అడిగాడు. కలిపి అని ఇద్దరం ఒకేసారి అన్నాం. ఎవరిస్తారు అన్నాడు. నేను అని ఇద్దరం అన్నాం. "నువ్వు చిన్నదానివి, చెయ్యి తియ్యి", "మీరు పెద్దోళ్ళు, మీరు తియ్యుండ్రి" అని పర్సులు పట్టుకుని కాసేపు కొట్టుకున్నాం. వెయిటర్‌కి ఇది మర్యాదో గొడవో అర్థం కాలేదు పాపం. తన మిషన్ మీద టకటక నొక్కి సరిగ్గా సగం చేసి ఇద్దరి ముందూ చెరో బిల్లు పెట్టి వెళ్ళిపోయాడు. ఒకమాట అంటే అన్నట్టు, లేదంటే లేనట్టు. మధ్యలో బతిమాలడాలు వీళ్ళకి తెలీవు. అది అప్పుడే బుర్రకెక్కించుకుని ఉంటే బాగుండేది.

హాలు, శనివారం

లోపలికి అడుగుపెట్టగానే నాకు సుల్తాన్‌బజార్ గుర్తొచ్చింది, అరుపులు తీసేస్తే. బల్లల వరసలు, వరసల మధ్య వీపు సంచుల మనుషులు, అద్దాల పెట్టెల్లో దీపాల కింద కార్డులు. ఒక్కో కార్డుకి గట్టి ప్లాస్టిక్ తొడుగు. కొన్నిటి ధర చూస్తే నా మూడు నెలల ఇంటద్దె. వాటి ముందు కొందరు చేతులు వెనక్కి కట్టుకుని, గర్భగుడి ముందు నిలబడ్డట్టు నిలబడ్డారు.

మార్పిడి బల్ల దగ్గర డెట్లెఫ్ అనే సిటీ బస్సు డ్రైవర్ పక్కన చోటు దొరికింది. ఇక్కడి పద్ధతి ముచ్చటగా ఉంటుంది. నీకు అక్కర్లేనివి నువ్వు బల్లమీద పెట్టు, నేను నావి పెడతాను. ఒకటికి ఒకటి. డబ్బు ఊసుండదు. నాక్కావలసిన ఇద్దరిలో ఒకామె అతని కట్టలో ఉంది! బదులుగా, వదిలించుకుందామని తెచ్చిన నా గుర్రం కార్డు ఇచ్చాను. వాళ్ళమ్మాయి గుర్రపుస్వారీ నేర్చుకుంటోందట, ఎగిరి గంతేశాడు.

"అమ్మేవాళ్ళ దగ్గర బేరం ఆడొచ్చా?" అని అడిగాను.

"ఆడొచ్చు. ఒక్కసారి అడుగు. అతనొక మాట చెబుతాడు. నచ్చితే కొను, లేకపోతే లేదు" అన్నాడు డెట్లెఫ్.

ఓహో అలాగా అని బుద్ధిమంతురాలిలా తలూపాను.

రస్కుల పెట్టె

హాలు చివర, తళతళలు లేని చోట పాత కాగితపు సరుకు అమ్మే బల్లలున్నాయి. ఒకతను, పొడుగ్గా, ప్యాంటుకి భుజాల పట్టీలు పెట్టుకున్నవాడు, చిన్నచిన్న ఊళ్ళ కార్డులని చెక్క పెట్టెల్లో పాత పిన్‌కోడ్ల వరసలో పేర్చి ఉంచాడు. రావుగారు ఆ ఊరి పాత పిన్‌కోడ్ ఠక్కున చెప్పేశారు. ఆయనకి పొద్దున వేసుకున్న మాత్ర గుర్తుండదు!

నేను వేళ్ళతో వెతుకుతూ పోయాను. ఈత పిల్లలు, కుస్తీవాడు, సైకిళ్ళ క్లబ్బు. ఆ తర్వాత ఒత్తు జుట్టు, కాళ్ళకి పెద్ద ప్యాడ్లు, చేతిలో హాకీ కర్ర, నవ్వాలా వద్దా అన్నట్టున్న మొహం. తెనాలి మొహం.

"అంకుల్!" అన్నాను.

ఆయన చెయ్యి చాపారు. సరిగ్గా అక్కడే నాకు మా అమ్మ పూనింది.

కోఠీలో మా అమ్మ చీర కొనే విద్య మీకు తెలిసే ఉంటుంది. నచ్చినదాన్ని చేత్తో తాకకూడదు. పక్కదాన్ని చూడాలి. ధర అడిగి, సగం చెప్పి, నవ్వి, నడిచి వెళ్ళిపోవాలి. నాలుగడుగులు వెయ్యకముందే "రా అమ్మా, రా, ఎంతిస్తవో చెప్పు" అని పిలుపు రావాలి. రాకపోవడమనేది మా ఇంటి చరిత్రలో లేదు.

"అంకుల్, ముట్టకుండ్రి. మొఖంల ఆశ కనపడ్డదనుకో, రేటు డబల్ చేస్తడు. మీరు గమ్మున నిలవడుండ్రి, నేను చూసుకుంట" అన్నాను తెలుగులో.

"ఎంతైతే అంత ఇచ్చేద్దామే అమ్మాయ్."

"అయ్యో, పదైదు నిమిషాల్ల సగం రేటుకు తెస్త కదా."

ఆయనకీ సరదా వేసినట్టుంది. బేరమాడి ఎన్నేళ్ళయిందో. "సరే, కానీ చూద్దాం" అన్నారు. వెనక్కి తిప్పి చూడను కూడా చూడకుండా కార్డుని పెట్టెలో పెట్టేశాం. ధర అడిగాను. ఇరవై ఐదు యూరోలు అన్నాడు. పది అన్నాను. అతను కాసేపు ఆలోచించి ఇరవై రెండు అన్నాడు. నేను నవ్వి, భుజాలెగరేసి, రావుగారి మోచెయ్యి పట్టుకుని నడిచాను.

"ఇప్పుడు పిలుస్తడు సూడుండ్రి."

వెనకనుంచి నిజంగానే గొంతు వినపడింది. "షోనెన్ టాగ్ నోఖ్!" మీ రోజు బాగా గడవాలని. మనస్ఫూర్తిగా దీవించాడు మహానుభావుడు.

కాఫీ తాగొచ్చాం, బెట్టు సడలుతుందేమోనని. తిరిగి వెళ్ళి పెట్టెలో వేళ్ళు పెడితే ఈత పిల్లలు, కుస్తీవాడు, సైకిళ్ళ క్లబ్బు ఉన్నారు. గోల్‌కీపర్ లేడు.

"అమ్ముడుపోయింది. మీకు వద్దన్నారు కదా" అన్నాడతను. అందులో ఎత్తిపొడుపేమీ లేదు. వద్దని వెళ్ళిపోయిన మనిషి మళ్ళీ ఎందుకొస్తుందో అతనికి నిజంగానే అర్థం కాలేదు.

నాకు అక్కడే భూమిలోకి కుంగిపోవాలనిపించింది. యాభై ఏళ్ళ జ్ఞాపకం ఆ మనిషి చేతివేళ్ళ దాకా వచ్చింది, నా తెలివి దాన్ని లాగేసింది. ఎవరు కొన్నారని ఏడుపు గొంతుతో అడిగాను. పసుపుపచ్చ రెయిన్‌కోటు వేసుకున్న ఆవిడ అన్నాడు.

పసుపుపచ్చ కోటు

ఎస్సెన్‌లో ఆ రోజు వాన. హాల్లో సగం మంది రెయిన్‌కోట్లలోనే ఉన్నారు. పసుపు కనపడ్డ చోటికల్లా పరిగెత్తాను. ఒకావిడ టికెట్లు చూసే మనిషి, ఇంకొకావిడ మగాడు. ఒక బల్ల మీద నాక్కావలసిన రెండో గోల్‌కీపర్ తొడుగులోంచి నావైపే చూస్తోంది. ఆగలేదు. ఆ పూట ఆమె మొహం చూడ్డానికి కూడా నాకు మనసొప్పలేదు.

రావుగారు ఆయాసపడుతూ వెనకొచ్చారు. "వదిలెయ్యమ్మాయ్" అన్నారు.

"నా తప్పంకుల్. మొత్తం నా తప్పు."

"నేనూ సరేనన్నానుగా. అయినా ఒకందుకు మంచిదేనేమో. చదవకపోతే, ఉందనే అనుకుంటూ ఉండొచ్చు. చదివాక లేకపోతే?"

ఆయన ఇన్నాళ్ళూ భయపడుతోంది దేనికో అప్పుడు తెలిసింది. ఆయన్ని కూర్చోబెడదామని బయట వరండాలోకి తీసుకెళ్ళాను. అక్కడ ఎత్తు బల్ల దగ్గర నిలబడి, ఇంటినుంచి తెచ్చుకున్న డబ్బాలోంచి ఆలుగడ్డ సలాడ్ తింటోంది పసుపుపచ్చ కోటావిడ. అరవై దాటి ఉంటాయి. పక్కన మందపాటి ఆల్బమ్.

నేను నోరు తెరిచేలోపు ఆవిడ ఫోర్కు కింద పెట్టేసింది. రావుగారినే చూస్తోంది. ఆల్బమ్ తెరిచి, అందులో దాచిన కార్డు చూసి, మళ్ళీ ఆయన్ని చూసింది.

"హెర్ డాక్టర్ రావ్?"

ఆవిడ పేరు ఉల్రికె. స్కూలు టీచరుగా చేసి మానేసింది. ఆ రస్కుల ఊళ్ళోనే పుట్టి, ఇప్పటికీ అక్కడే ఉంటోంది. రస్కు కార్డులు అన్నీ ఉన్నాయట, ఈ ఒక్కటి తప్ప. చాలా ఏళ్ళుగా ప్రతి సంతకీ ఇదే పనిమీద వెళ్తోందట.

"ఆదివారాలు మా నాన్న నన్ను గోల్ వెనక నిలబెట్టేవాడు" అంది. "మీరు విరామంలో స్టీలు గ్లాసులో టీ తాగేవారు. అలాంటి గ్లాసు మేమెవరం చూడలేదు. అది ఇంకా ఉందా?"

"ఉంది. మా ఆవిడ అందులో టూత్‌బ్రష్షులు పెడుతోంది" అన్నారు రావుగారు. "ఒక్కసారి వెనకవైపు చదవనిస్తారా?"

ఎందుకని ఆవిడ అడగలేదు. కార్డు తొడుగులోంచి తీసి ఇచ్చింది. ఆయన జేబులు తడుముకున్నారు. కళ్ళజోడు, హాలు గుమ్మం దగ్గర అప్పజెప్పిన కోటులో ఉండిపోయింది. నాకిచ్చి చదవమన్నారు.

చదివాను. పేరు, క్లబ్బు పేరు. దాని కింద ఒకే ఒక్క వాక్యం. "భారతదేశం నుంచి వచ్చిన అతిథి. గోల్‌కీపర్."

అబద్ధం చదివేద్దామా అనిపించింది, ఒట్టు. కానీ ఆయన నా మొహంలోనే చదివేసుకున్నారు.

"ఏముందమ్మా?"

"అతిథి అని ఉందంకుల్."

"అతిథా." తలూపారు. "అంతేలే. రెనాటె చెప్పిందే నిజం."

నాకు ఏడుపొచ్చింది. కనీసం ఆ బొమ్మైనా ఆయన చేతిలో పెట్టి ఇంటికి తీసుకెళ్ళాలనిపించింది. అతిథో చుట్టమో, ఆ కాళ్ళ ప్యాడ్లు, ఆ ఒత్తు జుట్టు ఆయనవేగా. ఉల్రికె వైపు తిరిగి, ఈ కార్డు మాకు అమ్మండి, ఎంతన్నా ఇస్తాం, ఈసారి బేరమాడను అన్నాను.

ఆవిడ నా చేతిలోంచి కార్డు మెల్లగా తీసుకుని తొడుగులో పెట్టింది. దాన్ని ఆల్బమ్‌లో ఖాళీగా ఉన్న గడిలోకి దూర్చింది. అటుపక్క బరువులెత్తేవాడు, ఇటుపక్క హాకీ కెప్టెన్. పేజీని అరచేత్తో సాపు చేసింది.

"కుదరదు" అంది. "ఉన్సరెన్ టోర్‌వార్ట్ ఫెర్‌కౌఫె ఇష్ నిష్ట్."

మా గోల్‌కీపర్‌ని నేను అమ్మను.

ఆవిడకి మా లక్ష్యం సంగతి తెలీదు. ఎవరూ చెప్పలేదు. ఉన్నమాట అన్నట్టు అనేసి, మళ్ళీ ఆలుగడ్డ సలాడ్ మీదికి వెళ్ళింది.

రావుగారు బల్ల అంచు పట్టుకున్నారు.

"విన్నావా అమ్మాయ్?"

"విన్ననంకుల్."

ఆయన ముక్కు తుడుచుకుని, మఫ్లరు సర్దుకుని, నా చెవి దగ్గరికి వంగారు.

"మళ్ళీ అడుగు."

అడిగాను. ఇంకొంచెం ఎక్కువ ఇస్తాం అన్నాను. ఈసారి ఆవిడకి కాస్త కోపం వచ్చింది, అదే మాట గట్టిగా చెప్పింది.